మార్లవాయి బడి: మన గూడేలకు చదువు వచ్చిన దారి

ఏజెన్సీలో ఏ మండలానికి వెళ్లినా రోడ్డు పక్కన ఒక ఆశ్రమ పాఠశాల బోర్డు కనిపిస్తుంది. ఈ సంచిక చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లలో చాలామంది అలాంటి బడిలోనే ట్రంకు పెట్టె పెట్టుకుని పదో తరగతి దాకా చదివినవాళ్లే. మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఈ చదువుకు పునాది మార్లవాయిలో పడింది. అది ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని ఊరు. అక్కడి కథ మీ తరానికి తెలియాలని హాస్టళ్లలో పనిచేసే మేమంతా కోరుకుంటాం.

జోడేఘాట్ తర్వాత

1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల తూటాలకు బలయ్యారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను మన ప్రాంతానికి పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని మనవాళ్ల మధ్యే ఉన్నారు. మన మాట నేర్చుకున్నారు.

అప్పటి కష్టం మన తాతలకు బాగా తెలుసు. దున్నేది మనం, పట్టా ఇంకొకరిది. షావుకారు చిట్టాలో ఏం రాశాడో, జంగలాత్ వాళ్లు ఇచ్చిన రశీదులో ఎంత ఉందో చదివి చెప్పే మనిషి గూడెంలో దొరికేవాడు కాదు. వేలిముద్ర వేసిన చోటే భూమి పోయేది. అందుకే భూమికి పట్టాలు ఇవ్వడం, చదువు చెప్పడం రెండూ కలిసి జరగాలని హైమన్‌డార్ఫ్ ప్రభుత్వానికి చెప్పాడు.

ముందు పంతుళ్లు, తర్వాత బడులు

చదువు చెప్పేదెవరు? బయటి పంతుళ్లకు గోండీ రాదు. పిల్లలకు వాళ్ల భాష రాదు. పైగా ఆ రోజుల్లో మలేరియా భయం. అందుకని 1943లో మార్లవాయిలో మొదలుపెట్టిన కేంద్రంలో ముందుగా గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. అంతో ఇంతో అక్షరాలు వచ్చినవాళ్లను వెతికి పట్టుకుని, శిక్షణ ఇచ్చి, గూడేలకు పంపారు. వాళ్ల కోసం గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. అప్పటికి ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఎక్కువ కాబట్టి ఆ లిపి ఎంచుకున్నారు. పిల్లలు ముందు తమ మాటలోనే చదవడం నేర్చుకుని, తర్వాత మరాఠీ, ఉర్దూలకు వెళ్లేవారు. ఈ పనిలో సేతుమాధవరావు పగ్డీ అనే అధికారి కూడా ఎంతో పాటుపడ్డారు. ఆయన గోండీ నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం కూడా రాశారు.

1948లో నిజాం పాలన పోయింది. 1956లో రాష్ట్రం మారింది. బడి భాష తెలుగైంది, గోండీ వాచకాలు మూలపడ్డాయి. మరోపక్క బడులు పెరిగాయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, 1970ల్లో ఐటీడీఏలు ఏర్పడ్డాయి. గుట్ట మీది గూడెం పిల్లలు కూడా ఉన్నత పాఠశాల దాకా రాగలిగారు.

హాస్టల్ బతుకు

ఆశ్రమ బడి జీవితం మీకు చెప్పాల్సిన పని లేదు. తెల్లవారకముందే గంట, నల్లా దగ్గర వరుస, స్టడీ అవర్, టిఫిన్, ప్రార్థన, తరగతులు, సాయంత్రం కబడ్డీ, రాత్రి మళ్లీ స్టడీ అవర్. దండారి రోజుల్లో డప్పు చప్పుడు వినిపిస్తే పిల్లల మనసు పుస్తకం మీద నిలవదు. దీపావళికి ఇంటికి వెళ్లినవాళ్లు కొలబోడి అయ్యాకే తిరిగొస్తారు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర ఉంటుంది. ఈ సెలవులకు మేము ఎప్పుడూ అడ్డు చెప్పం. మాకు దిగులు పత్తి ఏరే కాలంలోనే. అప్పుడు ఇంటికి వెళ్లిన ఆడపిల్లల్లో కొందరి పెట్టెలు మంచం కింద అలాగే ఉండిపోతాయి. మేము గూడెం వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడితే కొందరు వస్తారు. అందరూ రారు.

కొత్తగా చేరిన చిన్నపిల్ల రాత్రి లేచి “ఏర్” అంటే, తెలుగు మాత్రమే తెలిసిన టీచరమ్మకు వాగు గుర్తొస్తుంది. పిల్ల అడిగింది మంచినీళ్లు. పక్క మంచం మీది పెద్దమ్మాయి లేచి గ్లాసు అందిస్తుంది. తరగతి గదిలోనూ అంతే. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు పాఠం గోండీలోనో కొలామీలోనో మళ్లీ చెబుతారు. 1943లో మార్లవాయి చేసిన పనిని ఇప్పుడు మన పిల్లలే జీతం లేకుండా చేస్తున్నారు.

మన పంతులు కావాలి

షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. ఆ జీవో వల్ల ఎన్నో గూడేల నుంచి టీచర్లు వచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి ఇబ్బంది రాలేదు. ఇకముందు రావాల్సినవారికి మాత్రం ఆ రక్షణ లేదు.

ఆ హక్కు కోసం సంఘాలు అడుగుతూనే ఉండాలి. ఈలోగా మీరు చేయగలిగినది ఉంది. ఇంటర్ అయ్యాక డీఎడ్, డిగ్రీ అయ్యాక బీఎడ్ చేయండి. టెట్ పాసై డీఎస్సీ రాయండి. పోటీ పెరిగింది కాబట్టి చదువూ పెరగాలి. మాతృభాషను మాత్రం వదలకండి. గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, కాబట్టి మన అక్షరాలను ఫోన్లలో, కంప్యూటర్లలో రాసుకునే దారి ఏర్పడింది. రేపు మన బడి పుస్తకాలు రాయాల్సింది మీరే.

ఇంకొక పని. బెట్టీ 1987 జనవరి 11న కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఏటా ఆ రోజున మనవాళ్లు అక్కడ చేరి ఆ దంపతులను తలచుకుంటారు. మరి ఆ కేంద్రంలో చదివి, కాలినడకన గూడెం గూడెం తిరిగి మనకు అక్షరాలు చెప్పిన మన పంతుళ్ల సంగతేమిటి? వాళ్ల పేర్లు మన తాతలకు, అవ్వలకు గుర్తున్నాయి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. మన గూడెంలో మొదటి పంతులు ఎవరని అడిగి, వాళ్లు చెప్పినది ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, ఊరు, పాఠం చెప్పిన చోటు రాసి సంఘానికి పంపండి.

జై సేవ.