గంప నుండి టిప్పరు వరకు: ఏలూరు సీమలో మట్టి రవాణా చరిత్ర

ఏలూరు కాలువకు రెండు ప్రక్కల రెండు విధముల నేలలు కలవు. తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు వచ్చు ఈ కాలువకు ఉత్తరమున మెట్ట సీమ. అక్కడి నేల ఎర్రనిది; త్రవ్వినచో గ్రావెల్ దొరకును. దక్షిణమున డెల్టా. అది నదులు యుగయుగములుగా తెచ్చి పేర్చిన నల్లని ఒండ్రు. ఆ నేలలో వరి బాగుగా పండును గాని రాయి దొరకదు. పైగా ఆ మట్టి తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు బీటలు వారును. దానిమీద ఇల్లు కట్టవలెనన్నను, బాట వేయవలెనన్నను మెట్ట నుండి గట్టి మట్టి తెచ్చి పరచక తప్పదు.

ఈ పని నేడు టిప్పరు లారీలు చేయుచున్నవి. వాటి యజమానులలో అనేకులు ఒకటి రెండు బండ్లు గలవారు; అప్పు తెచ్చి బండి కొని, ట్రిప్పు లెక్కన కిరాయి తీసుకొని జీవించువారు. వీరి వృత్తి క్రొత్తదివలె కనబడును. కాని అందులోని చిక్కులు చాలా పాతవి.

గంప, గాడిద, గుంత కొలత

యంత్రములు లేని కాలమున చెరువులు త్రవ్వుట, గట్లు వేయుట, రాయి కొట్టుట వడ్డెరల కులవృత్తి. పలుగుతో త్రవ్విన మట్టిని పారతో గంపకెత్తి నెత్తిన మోసెడివారు. కొంత దూరమైనచో గాడిదలపై వేసెడివారు. కూలి లెక్క గంపలను బట్టి కాక, త్రవ్విన గుంతను బట్టి కట్టుట వాడుక. గుంత నడుమ కొంత నేలను త్రవ్వక దిమ్మవలె విడిచెదరు. పని ముగిసిన పిదప ఆ దిమ్మ ఎత్తును చూచి లోతు కొలిచెదరు.

ఈ పద్ధతిలో ఒక శాస్త్ర విషయమున్నది. నేలలో బిగిసియున్న మట్టిని త్రవ్వగానే రేణువుల నడుమ గాలి చేరి అది పొంగును. గుంతలో 100 ఘనపుటడుగులున్న మట్టి బండిలో 120 లేక 130 ఘనపుటడుగులు కావచ్చును. కావున గుంతలో కొలిచిన లెక్కకును బండిలో కొలిచిన లెక్కకును ఎన్నడును పొత్తు కుదరదు. నేటికిని మట్టి పనిలో వచ్చు తగవులలో ఇది ఒకటి. ఒప్పందమునకు ముందే కొలత ఎక్కడ అన్నది తేల్చుకొనువాడు నష్టపడడు.

పట్టాలు, పడవలు

సర్ ఆర్థర్ కాటన్ దవళేశ్వరము వద్ద 1847లో ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించినాడు. ఆ ఆనకట్టకు కావలసిన రాయి దగ్గరనున్న కొండలో దొరికినది. దానిని నది ఒడ్డునకు చేర్చుటకు పట్టాలు వేసి బండ్లు నడిపినారు. కాటన్‌కు ఈ ఉపాయము క్రొత్త కాదు. మద్రాసు సమీపమున ఎర్రకొండల నుండి రాయి తెచ్చుటకై 1837లో నడిచిన చిన్న రైలుమార్గముతోను ఆయనకు సంబంధమున్నది. మన దేశములో తొలి రైలుబండి మోసినది ప్రయాణికులను కాదు, రోడ్డుకు వేయు రాతిని.

ఆనకట్టతోపాటు వచ్చిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక సరుకులకు బాటలైనవి. గోదావరి నుండి వచ్చు కాలువయు, కృష్ణ నుండి వచ్చు కాలువయు ఏలూరులో కలిసి రెండు నదులను జోడించినవి. నేలమట్టములో తేడా ఉన్నచోట లాకులు కట్టి పడవలను దింపుటకును ఎక్కించుటకును వీలు కల్పించినారు. ఎడ్లబండి మట్టిరోడ్డుపై మోయునది ఇంచుమించు ఒక టన్ను. నిదానముగా సాగు పడవకు నీరు కలిగించు అడ్డు మిక్కిలి తక్కువ గనుక, గట్టున నడుచు ఇద్దరు ముగ్గురు మనుష్యులు త్రాడుతో లాగినను అంతకు ఎన్నో రెట్లు బరువు కదలును. అయితే పడవ కాలువ ఉన్నచోటికే పోవును. దిగిన సరుకును మరల బండిపై వేయవలెను. తాడేపల్లిగూడెము, ఏలూరు మీదుగా పందొమ్మిదవ శతాబ్ది చివర వచ్చిన రైలుకును ఇదే పరిమితి.

లారీ, అటుపిమ్మట టిప్పరు

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున తాడేపల్లిగూడెములో విమానములు దిగుటకు రన్‌వే నిర్మించినారు. స్వాతంత్ర్యానంతరము లారీలు మన దేశముననే తయారగుట మొదలైనది. జంషెడ్‌పూరులో టాటా సంస్థ జర్మనీ కంపెనీ సహకారముతో 1954లో లారీలు తీసినది. మద్రాసులోని సంస్థ 1955లో అశోక్ లేలండ్ అను పేరు దాల్చినది. పట్టాలు, కాలువలు ప్రభుత్వమువి. లారీ మాత్రము ఒక కుటుంబము కొనగలిగిన వాహనము. రవాణా వృత్తిలో స్వతంత్రుడైన చిన్న యజమాని పుట్టుటకు ఇదియే మూలము.

తొలి లారీలలో మట్టిని మనుష్యులే పారలతో క్రిందికి త్రోయవలసి వచ్చెడిది. ఆ శ్రమను టిప్పరు తొలగించినది. దాని రహస్యము పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రములో ఉన్నది. మూసియున్న ద్రవముపై కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించును. ఇంజను శక్తితో తిరుగు పంపు నూనెను ఒక ఉక్కు గొట్టములోనికి నెట్టును. గొట్టములోని ముషలకము పైకి లేచి తొట్టిని ఎత్తును. ఉదాహరణకు ముషలకపు వ్యాసము 15 సెంటీమీటర్లు, పీడనము చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు అనుకొనినచో, ఎత్తు బలము 26 టన్నులు దాటును. తొట్టి వాలు పెరిగి, మట్టి నిలువగల కోణమును మించగానే, మట్టి దానంతట అదే జారిపోవును.

తొట్టి లేచినప్పుడు బరువు కేంద్రము కూడ పైకి లేచును. ఒక ప్రక్క చక్రము మెత్తని నేలలో దిగినచో, ఆ కేంద్రము నుండి దించిన లంబరేఖ చక్రముల వెలుపల పడి బండి బోర్లపడును. తడిసిన చెరువుగట్లపై అనుభవము గల డ్రైవరు ముందు నేలను చూచి, పైన విద్యుత్ తీగలున్నవేమో చూచి, తరువాతనే తొట్టి ఎత్తును.

యజమాని లెక్క

టిప్పరు యజమాని ఖర్చులు రెండు రకములు. డీజిలు, టైర్లు, డ్రైవరు బత్తా బండి నడిచినప్పుడే అగును. నెలసరి వాయిదా, పన్ను, భీమా మాత్రము బండి నిలిచినను ఆగవు. వర్షాకాలమున మట్టిపని మందగించును, వాయిదా మందగించదు. పైగా మెట్ట నుండి డెల్టాకు నిండుగా వచ్చిన బండి తిరిగి ఖాళీగా పోవలెను. కిరాయి ఒకవైపునకే, డీజిలు రెండువైపులకు.

ఈ లెక్కను విద్యార్థులు సులభముగా చేయవచ్చును. గ్రావెల్ గుంట నుండి పని జరుగు చోటికి 15 కిలోమీటర్లు, వేగము గంటకు 30 కిలోమీటర్లు అనుకొందురు గాక. పోవుటకు 30 నిమిషములు, వచ్చుటకు 30, నింపుటకు 20, దించుటకు 10. మొత్తము 90 నిమిషములు. తొమ్మిది గంటలలో ఆరు ట్రిప్పులు. వేగమును 36 కిలోమీటర్లకు పెంచినచో ట్రిప్పునకు 80 నిమిషములు పట్టును. అయినను అదే వ్యవధిలో ఆరు ట్రిప్పులే పూర్తియగును, ఏడవది ముగియదు. కాని గుంట వద్ద ప్రొక్లెయిన్ కొరకు ప్రతిసారి అరగంట కాచుకొనినచో ట్రిప్పునకు 120 నిమిషములు. రోజుకు నాలుగు ట్రిప్పులే పూర్తియగును. రోడ్డుపై ప్రాణములకు తెగించి పరుగెత్తినందువలన వచ్చునది ఏమియు లేదు; గుంట వద్ద వరుసలో నిలిచినందువలన పోవునది రెండు ట్రిప్పులు. ఈ నష్టమును పూడ్చుకొనుటకే తొట్టిపై మట్టిని గోపురమువలె పేర్చు అలవాటు బయలుదేరినది.

అధిక భారము

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో 1958 నుండి 1960 వరకు ప్రత్యేకముగా వేసిన రోడ్లపై లారీలను త్రిప్పి ఒక పెద్ద పరీక్ష జరిపినారు. ఇరుసుపై పడు భారమునకు నాలుగవ ఘాతములో రోడ్డు చెడునని దానివలన తేలినది. భారము రెట్టింపైనచో నష్టము సుమారు పదునారు రెట్లు. అయిదవ వంతు మాత్రమే పెరిగినను నష్టము రెట్టింపగును. మన దేశములో పది టైర్ల, మూడు ఇరుసుల లారీ బండితో కలిపి ఉండదగిన బరువును 2018లో 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెంచినారు. దానిని మించిన ప్రతి టన్నును యజమానికి కొంత కిరాయి తెచ్చును గాని, అతని టైర్లను, బ్రేకులను, రేపు అతడే నడువవలసిన పల్లెరోడ్డును తినివేయును. క్రింద నల్లమట్టి ఉన్న డెల్టా రోడ్లపై ఈ నష్టము మరింత త్వరగా బయటపడును.

కొల్లేటి పాఠము

బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చు నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచు పల్లము కొల్లేరు. 1980 దశకము నుండి అక్కడ చేపల చెరువులు విస్తరించినవి. చేపల చెరువు అనగా ముఖ్యముగా నలువైపుల లేపిన గట్టు. గంపలతో నెలలు పట్టు గట్టును యంత్రములు రోజులలో లేపినవి. 1999లో అయిదడుగుల మట్టము వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును ప్రభుత్వము వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద దానికి అంతర్జాతీయ గుర్తింపు లభించినది. 2006లో అభయారణ్యములోని చెరువుల గట్లను ప్రభుత్వము పెద్దయెత్తున తెంచినది. గట్టు పోసిన యంత్రమే గట్టును తెంచుటకును పనికివచ్చినది. అప్పు చేసి చెరువు వేసినవారికి చెరువు పోయినను అప్పు మిగిలినది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలను ముంచినది. ఆ ఏటి నీరు చివరకు చేరునది కొల్లేరే. పల్లములో పోసిన మట్టి ఎంత స్థలము ఆక్రమించునో, అంత నీరు మరొక చోటు వెదకుకొనును.

గ్రావెల్ 1957 నాటి చట్టము ప్రకారము చిన్న ఖనిజము. అనుమతి లేక దానిని త్రవ్వుట, మోయుట నేరము. మట్టి ఎక్కడిది, ఎక్కడకు పోవుచున్నది అని అడుగుట అధికారుల పని మాత్రమే కాదు. అనుమతి లేని మట్టితో బండి పట్టుబడినచో పని నిలిచిపోవునది టిప్పరు యజమానికి. ఆ నెల వాయిదా కట్టవలసినదియు అతడే. గంప మోసిన కూలికి ఈ ప్రశ్న అవసరము లేకపోయినది, ఏలయనగా అతడు ఒక రోజులో కదల్చినది కొద్ది మట్టి. నేడు ఒక మనిషి లివరు నొక్కినంతనే ఒక్కసారిగా పదునైదు టన్నులకు పైగా మట్టి నేల మారును. కావున ట్రిప్పుల లెక్కతోపాటు ఈ లెక్కయు అతడే చూచుకొనవలసి వచ్చినది.