వాపికోని మొబైల్

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఆదివాసీ యువతకు సినిమా, సంగీతం నేర్పే సంచార స్టూడియో. దర్శకురాలు మానోన్ బార్బో ఆదివాసీ సంఘాలతో కలిసి స్థాపించగా, 2004లో స్టూడియో బండి రోడ్డెక్కింది. ఆమెతో కలిసి సినిమా కథ రాస్తున్న అతికమెక్ ఆదివాసీ యువతి వాపికోని అవాషిష్ 2002లో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. స్టూడియోకు ఆ యువతి పేరే పెట్టారు. కెమెరాలు, ఎడిటింగ్, రికార్డింగ్ సరంజామాతో బండి ఒక్కో ఊళ్లో కొన్ని వారాలు మకాం వేస్తుంది. తీసిన చిత్రాలను ఊరివాళ్లకు చూపించాకే కదులుతుంది. ఈ ప్రయత్నానికి ప్రాణం పరికరాల్లో కాదు, ఈ ప్రదర్శనలో ఉందనిపిస్తుంది: ఇన్నాళ్లూ ఇతరుల కెమెరా ముందు నిలబడిన జనం ఇక్కడ సొంత పిల్లల పనికి తొలి ప్రేక్షకులు, విమర్శకులు.

కెమెరా పరాయి సాధనం, మౌఖిక సంప్రదాయాన్ని చెడగొడుతుందనే అభ్యంతరం ఉంది. కిచిసాకిక్ అనే ఆదివాసీ ఊరికి చెందిన కెవిన్ పాపతీ తీసిన లఘుచిత్రం ‘లమాండ్మాఁ’ (2007) దీనికి గట్టి జవాబు. ఒకే కుటుంబంలోని నాలుగు తరాలను వరుసగా చూపుతూ, మాతృభాష ఎక్కడ తెగిపోయిందో అది చెబుతుంది. భాషను తెంపింది కెమెరా కాదు, పిల్లలను ఇళ్ల నుంచి లాక్కుపోయిన ప్రభుత్వ, చర్చి హాస్టల్ బడులు. కొద్ది వారాల శిక్షణతో ఎందరు దర్శకులవుతారన్న ప్రశ్న సబబైనదే. అందరూ కారు, కానక్కర్లేదు కూడా. ర్యాపర్ సామియన్ తొలి అడుగులు మాత్రం ఇక్కడే పడ్డాయి. అసలు బలహీనత నిధులది: 2011లో ఫెడరల్ ప్రభుత్వం ముఖ్యమైన సాయాన్ని నిలిపివేయడంతో సంస్థ తన కార్యక్రమాలను కుదించుకోవాల్సి వచ్చింది.