పదిహేడేళ్ళకే జాతకాలు - మాంచెస్టర్ పిల్లల డెర్బీ

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనవాళ్ళో సామెత చెప్తారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి ఈ సామెత తెలీదు గానీ, దాన్ని వాళ్ళు నమ్మినంత గట్టిగా మనం కూడా నమ్మమేమో! పద్దెనిమిదేళ్ళ లోపు కుర్రాళ్ళ మ్యాచి ఒకటి, అందులోనూ డెర్బీ (అంటే ఒకే ఊళ్ళోని రెండు క్లబ్బుల మధ్య పోటీ) ఓడిపోతే చాలు, మర్నాటికల్లా పదకొండు మంది జాతకాలు రాసి చేతిలో పెట్టేస్తారు. వీడు పైకొస్తాడు, వీడు రాడు, వీడికి ఒళ్ళు లేదు, వీడికి బుర్ర లేదు, ఇంకొకడికి రెండూ ఉన్నాయి గానీ "డెర్బీ ఆడే గుండె" లేదు. ఇంటర్మీడియట్ రిజల్ట్సు వచ్చిన రోజు మన ఇళ్ళల్లో పెదనాన్నలూ మేనమామలూ కూర్చుని చేసే పని సరిగ్గా ఇదే కాబట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం వెయ్యలేదు.

ఆన్‌సైట్ పేరుతో నేను కొంతకాలం మాంచెస్టర్‌లో ఉన్నాను. మా టీములో ఒకాయన సిటీ, ఇంకొకాయన యునైటెడ్. పెద్దవాళ్ళ మ్యాచి గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను చూళ్ళేదు, గొడవవుతుందని భయం కాబోలు. పిల్లల మ్యాచుల గురించి మాత్రం తెగ చర్చించుకునేవాళ్ళు. ఓ సోమవారం యునైటెడ్ ఆయన తమ ఎడమ బ్యాకు కుర్రాణ్ణి (వయసు పదహారో పదిహేడో) కాఫీ అయిపోయేలోపు ఉతికి ఆరేశాడు. సిటీ ఆయన ఓపిగ్గా అంతా విని, "1986లో మీ ఎడమ బ్యాకు గురించి కూడా ఇలాగే అనుకుని ఉంటారులే" అన్నాడు. ఆ ముక్క పట్టుకుని నేను చదవడం మొదలుపెడితే ఒక పెద్ద కథే బయటపడింది. అది చెబుదామనే ఈ టపా.

ఇంగ్లండులో ఎఫ్‌ఏ యూత్ కప్ అని ఒకటుంది. 1952-53లో మొదలైంది. మొదటి ఐదు సార్లూ, అంటే 1953 నుంచి 1957 దాకా, వరసగా గెలిచింది మాంచెస్టర్ యునైటెడే. డంకన్ ఎడ్వర్డ్స్, బాబీ చార్ల్‌టన్ లాంటి వాళ్ళందరూ అందులోంచి వచ్చినవాళ్ళు. వీళ్ళనే మేనేజర్ మాట్ బస్బీ పేరుతో బస్బీ బేబ్స్ అన్నారు. 1958 మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఆ తరంలో ఎనిమిది మంది ఆటగాళ్ళు పోయారు, ఎడ్వర్డ్స్ కూడా. అప్పట్నుంచీ "మా క్లబ్బు పిల్లల్ని పెంచే క్లబ్బు" అన్నది యునైటెడ్ వాళ్ళకి గొప్ప మాత్రమే కాదు, కొంచెం మతం లాంటిది కూడా. 1964లో జార్జ్ బెస్ట్ ఉన్న జట్టు మళ్ళీ ఆ కప్పు గెలిచింది. ఆ తర్వాత మరి లేదు. ఇరవయ్యేళ్ళు దాటిపోయింది.

ఇలాంటి పరిస్థితిలో 1986 ఏప్రిల్లో ఫైనల్‌కి ఎవరొచ్చారంటే, యునైటెడూ సిటీయే! రెండు మ్యాచులు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 1-1. అప్పటి సిటీ మైదానం మెయిన్ రోడ్‌లో సిటీ 2-0. పిల్లల ఆటకి ఆ రెండో రోజు 18 వేలకు పైగా జనం వచ్చారు. సిటీకి అదే మొదటి యూత్ కప్పు. ఊళ్ళో చిన్న క్లబ్బు, డబ్బుల్లేని క్లబ్బు, పెద్దన్న ఇష్టదైవాన్ని పెద్దన్న గుడిలోంచే ఎత్తుకుపోయిందన్నమాట.

ఆ సిటీ కుర్రాళ్ళ పేర్లు మాంచెస్టర్‌లో ఇప్పటికీ కాస్త వయసు మళ్ళినవాళ్ళు గడగడా చెప్పేస్తారు. కెప్టెన్ స్టీవ్ రెడ్మండ్, పాల్ లేక్, డేవిడ్ వైట్, ఆండీ హించ్‌క్లిఫ్, ఇయన్ బ్రైట్‌వెల్, పాల్ మోల్డెన్. బ్రైట్‌వెల్ వాళ్ళమ్మ ఆన్ ప్యాకర్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచినావిడ, నాన్న రాబీ అదే ఒలింపిక్స్‌లో రిలే రజతం. పువ్వు, పరిమళం అంటే ఇదే కదా మరి. మోల్డెన్ అయితే ఇంకా విచిత్రం. బోల్టన్ లాడ్స్ క్లబ్ తరపున 1981-82 సీజన్లో 40 మ్యాచుల్లో 289 గోల్స్ కొట్టి గిన్నిస్ బుక్కులోకి ఎక్కాడు. తప్పు చదవలేదు, రెండు వందల ఎనభై తొమ్మిదే. అలాంటివాణ్ణి చూసి "వీడు పైకి రాడేమో" అనగలిగే మొనగాడు ఆ రోజు స్టేడియంలో ఒక్కడైనా ఉండి ఉంటాడా?

అటు ఓడిన వైపు చూడండి. గోల్‌కీపర్ గ్యారీ వాల్ష్, టోనీ గిల్, లీ మార్టిన్. ఇంకా కొందరు, వాళ్ళ పేర్లు ఇప్పుడు యునైటెడ్ అభిమానులకి కూడా గుర్తులేవు.

ఆ నవంబరు 6న అలెక్స్ ఫెర్గసన్ యునైటెడ్ మేనేజర్‌గా వచ్చాడు. ఏప్రిల్ ఓటమికీ ఆయనకీ సంబంధం లేదు. అయినా ఆ ఓటమిని అభిమానులు చదివినట్టు ఆయన చదవలేదు. ఈ కథలో నాకు బాగా నచ్చింది ఇక్కడే. అభిమాని ఓడిన పదకొండు మందిని చూశాడు. ఆయన అసలు ఆ పదకొండు మందీ ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగాడు. ఊళ్ళో మంచి పిల్లలు సిటీకెందుకు పోతున్నారు? యునైటెడ్‌కి పిల్లల్ని వెతికిపెట్టే మనుషులు, అదే స్కౌట్లు, ఎంతమంది ఉన్నారు? చూస్తే చాలా కొద్దిమందే. పెద్ద పేరుంది కదా, వాళ్ళే వస్తార్లే అన్న ధీమా. సిటీలో మాత్రం కెన్ బార్న్స్ అనే పెద్దాయన ఏళ్ళ తరబడి ఊరంతా వల వేసి పెట్టాడు. స్కౌట్లని కూర్చోబెట్టి, వీధికొక మంచి కుర్రాడు కాదు, ప్రాంతం మొత్తమ్మీద మంచి కుర్రాడెవడో వాడు కావాలి నాకు అన్నాడని చెప్తారు. 1988లో బ్రయన్ కిడ్‌కి ఆ పని అప్పజెప్పాడు. కిడ్ ఆ ఊరివాడే, రెండు క్లబ్బులకీ ఆడినవాడు. ఆయన ఊళ్ళో యునైటెడ్ పిచ్చి ఉన్న మామూలు మనుషుల్ని పోగేసి స్కౌట్లుగా మార్చాడు. జీతాలకన్నా అభిమానం మీద నడిచే వ్యవస్థ. (మన ఓపెన్ సోర్స్ లాగా అనుకోండి.)

దీనికి మొదటి ఫలితం కిడ్ రాకముందే దొరికింది. సాల్ఫర్డ్‌లో ర్యాన్ విల్సన్ అనే కుర్రాడు సిటీ దగ్గర శిక్షణ తీసుకుంటున్నాడు. సిటీకి స్కౌటుగా పనిచేసే ఒకాయనే వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళాడు. యునైటెడ్ స్టేడియంలో స్టివార్డ్‌గా పనిచేసే ఒకాయన ఆ సంగతి ఫెర్గసన్ చెవిన వేశాడు. 1987 నవంబరు 29న, సరిగ్గా ఆ పిల్లాడికి పద్నాలుగేళ్ళు నిండిన రోజున, ఫెర్గసన్ స్వయంగా వాళ్ళింటికెళ్ళి తలుపు తట్టాడు. ఆ తర్వాత వాడు అమ్మ ఇంటిపేరు పెట్టుకున్నాడు, గిగ్స్. 1991 మేలో మొదటిసారి మొదటి నిమిషం నుంచీ ఆడిన మ్యాచి ఎవరిమీదనుకున్నారు? సిటీ మీదే. 1-0. ఆ గోలు గిగ్స్ పేరనే రాశారు (బంతి సిటీ డిఫెండర్‌కి తగిలి లోపలికెళ్ళిందనుకోండి, అది వేరే విషయం).

అయితే ఇదంతా అంత సాఫీగా ఏమీ జరగలేదు. 1989 సెప్టెంబరు 23న మెయిన్ రోడ్‌లో సిటీ 5-1తో యునైటెడ్‌ని చితక్కొట్టింది. ఆ రోజు సిటీ జట్టులో 1986 కప్పు కుర్రాళ్ళు ఐదుగురు: రెడ్మండ్, లేక్, వైట్, హించ్‌క్లిఫ్, బ్రైట్‌వెల్. ఐదో గోలు హించ్‌క్లిఫ్‌ది. కొన్ని వారాలకి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో "మూడేళ్ళుగా సాకులే" అన్న అర్థం వచ్చేలా ఫెర్గసన్‌కి వీడ్కోలు పలుకుతూ అభిమానులు బ్యానరు ఎత్తారు. అభిమాని లెక్క ప్రకారం చూస్తే అప్పటికి సిటీ పిల్లలే గొప్పని రుజువైపోయింది.

ఎనిమిది నెలలు తిరక్కుండా, 1990 మే 17న ఎఫ్‌ఏ కప్ ఫైనల్ రీప్లే. యునైటెడ్ 1, క్రిస్టల్ ప్యాలెస్ 0. ఫెర్గసన్‌కి యునైటెడ్‌లో మొదటి కప్పు. గోలు కొట్టింది లీ మార్టిన్, 1986లో మెయిన్ రోడ్‌లో తలదించుకుని బయటికి నడిచిన ఫుల్‌బ్యాకు. యునైటెడ్ తరపున మొత్తం వంద పైచిలుకు మ్యాచుల్లో అతను కొట్టింది రెండే గోల్స్, అందులో ఇదొకటి. మా సిటీ ఆయన అన్న "మీ ఎడమ బ్యాకు" ఇతనే.

ఇక గెలిచినవాళ్ళ సంగతి. పాల్ లేక్‌ని ఇంగ్లండు భవిష్యత్తు కెప్టెన్ అనుకున్నవాళ్ళున్నారు. 1990 ప్రపంచ కప్పుకి మొదట ప్రకటించిన జాబితాలో పేరుంది. ఆ సెప్టెంబరులో ఆస్టన్ విల్లా మీద ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాడు. ఆపరేషన్లు, రెండేళ్ళ తర్వాత తిరిగి రావడం, మళ్ళీ అదే మోకాలు. 1996లో ఇరవై ఏడేళ్ళకే రిటైర్మెంటు. మొత్తం 110 లీగ్ మ్యాచులు, అంతే. తర్వాత ఫిజియోథెరపీ చదువుకుని ఇతరుల మోకాళ్ళు చూశాడు. 289 గోల్స్ మోల్డెన్‌ని 1989లో సిటీ బోర్న్‌మత్‌కి ఇచ్చేసింది. కాలు పదేపదే విరిగింది. ఆట మానేశాక బోల్టన్‌లో చేపలూ, బంగాళదుంప చిప్సూ అమ్మే దుకాణం పెట్టుకున్నాడు. ఓడినవైపు టోనీ గిల్ కథా ఇంతే, 1989లో కాలు విరిగి మరి కోలుకోలేదు. ఎముకలకి ఏ క్లబ్బో తెలీదు కదా.

డేవిడ్ వైట్ కథ ఇంకోలాంటిది. ఎత్తుగా, గుర్రంలా పరిగెత్తే వింగరు. 1987లో హడర్స్‌ఫీల్డ్ మీద సిటీ 10-1తో గెలిచినప్పుడు హ్యాట్రిక్ కొట్టిన ముగ్గురిలో ఒకడు. కానీ స్టాండ్స్‌లో వాళ్ళకి ఎప్పుడూ ఒక అసంతృప్తి, కుర్రాడికి ఆత్మవిశ్వాసం చాలదు, తల దించేస్తాడు అని. 1992లో ఇంగ్లండు తరపున ఒకే ఒక్క మ్యాచి ఆడాడు. 2016 నవంబరులో, ఆట ఆపేసిన ఎన్నో ఏళ్ళకి, అతను నోరు విప్పాడు. చిన్నప్పుడు పిల్లల జట్టులో ఆడేటప్పుడు కోచ్ బ్యారీ బెన్నెల్ తనపై లైంగిక అత్యాచారం చేశాడని, ఆ బరువు దశాబ్దాలు మోశానని. బెన్నెల్ ఎందరో పిల్లల జీవితాలు నాశనం చేసినవాడు. 2018లో అతనికి 30 ఏళ్ళ శిక్ష పడింది. మెయిన్ రోడ్‌లో కూర్చుని ఆ పిల్లాడికి "గుండె లేదు" అని మార్కులు వేసినవాళ్ళు, ఇది చదివిన రోజు ఏమనుకుని ఉంటారో!

సిటీ పిల్లలకి ఇంకో శత్రువు కూడా ఉంది. వాళ్ళ క్లబ్బే. 1986 నుంచి 1998 దాకా, తాత్కాలికుల్ని వదిలేస్తే, తొమ్మిది మంది కొత్త మేనేజర్లు వచ్చారు. ప్రతివాడూ వచ్చి ముందటివాడి ఆటగాళ్ళని అమ్మడం. హించ్‌క్లిఫ్‌ని 1990లోనే ఎవర్టన్‌కి అమ్మేశారు, అతను అక్కడ 1995లో ఎఫ్‌ఏ కప్ గెలిచి, ఇంగ్లండుకి కూడా ఆడాడు. 1998 కల్లా సిటీ మూడో డివిజన్‌కి పడిపోయింది. అదే పన్నెండేళ్ళలో యునైటెడ్‌కి మేనేజర్ ఒక్కడే, ఫెర్గసన్.

ఫెర్గసన్ వేసిన వల 1992లో యూత్ కప్ తెచ్చింది, అందరికీ తెలిసిన బెక్‌హం తరం. తెలియనిది 1993. ఆ ఏడాది కూడా ఫైనల్ చేరారు. ఎదురుగా లీడ్స్. ఒకే ఊరు కాదు గానీ పగ మాత్రం డెర్బీకి ఏమీ తీసిపోదు. రెండు మ్యాచులకీ 30 వేలు దాటి జనం. లీడ్స్ 2-0, 2-1. ఓడిన జట్టులో బెక్‌హం, స్కోల్స్, బట్, గ్యారీ నెవిల్ ఉన్నారు! స్కోల్స్ పొట్టివాడు, పైగా ఉబ్బసం. గెలిచిన లీడ్స్ కుర్రాళ్ళలో నోయెల్ వీలన్ కొన్నాళ్ళు పై లీగులో ఆడాడు, మిగతావాళ్ళు చిన్న క్లబ్బుల్లోకి చెదిరిపోయారు. ఇదేమీ మొదటిసారి కాదు, 1982లో వాట్‌ఫర్డ్ చేతిలో 7-6తో ఓడిన యునైటెడ్ పిల్లల్లో మార్క్ హ్యూస్, నార్మన్ వైట్‌సైడ్ ఉన్నారు. 2011లో యునైటెడ్ చేతిలో ఓడిన షెఫీల్డ్ యునైటెడ్ కుర్రాడు హ్యారీ మగ్వయర్‌ని, 2019లో ఆ యునైటెడే 8 కోట్ల పౌండ్లు పోసి కొనుక్కుంది.

ఇక్కడొక అభ్యంతరం రావచ్చు. అభిమాని ఎప్పుడూ తప్పేనా? కాదు. ఫోడెన్‌ని పిల్లప్పుడే చూసినవాళ్ళు వీడు అసాధ్యుడన్నారు, 2017లో కోల్‌కతాలో అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్లో స్పెయిన్ మీద రెండు గోల్స్ కొట్టి గోల్డెన్ బాల్ తీసుకున్నాడు. మెరుపు కనిపించినప్పుడు అభిమాని కన్ను బాగానే పట్టుకుంటుంది. "వీడు పనికిరాడు" అనేటప్పుడే దానికి ఆధారం ఉండదు. పదిహేడేళ్ళ ఒంటికి ఇంకా ఎన్ని అంగుళాలు మిగిలున్నాయో, మోకాలు ఎన్నాళ్ళు నిలుస్తుందో, పై జట్టులో ఆ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తొంభై నిమిషాల్లో తెలిసేవి కావు.

ఈమధ్య ఈ జాతకాలు రాసే పనిలోకి అకౌంటెంట్లు కూడా దిగారు. లీగు ఆర్థిక నిబంధనల ప్రకారం సొంతంగా పెంచిన కుర్రాణ్ణి అమ్మితే వచ్చిందంతా పుస్తకాల్లో లాభమే. కొన్నవాణ్ణి అమ్మితే అలా రాదు. కాబట్టి అకాడమీ పిల్లలే ముందు అమ్ముడుపోతున్నారు. వైథెన్‌షాలో పెరిగిన కోల్ పామర్‌ని సిటీ 2023లో చెల్సీకి అమ్మింది, అతను ఆ సీజన్లోనే లీగులో 22 గోల్స్ కొట్టాడు. చిన్నప్పట్నుంచీ యునైటెడ్‌లోనే పెరిగి, ఆలస్యంగా పొడుగైన స్కాట్ మెక్‌టామినేని 2024లో నాపోలీకి సుమారు రెండున్నర కోట్ల పౌండ్లకి ఇచ్చేశారు. మంచి బేరమే అన్నారు చాలామంది. మరుసటి మేలో నాపోలీ ఇటలీ లీగు గెలిచింది, ఆ సీజన్ ఉత్తమ ఆటగాడు మెక్‌టామినే.