బెర్తు ఒక్కటి, నకళ్లు అనేకం

భిలాయి ఉక్కు నగరంలో రిసాలికి చేరువలోనే మరోదా జలాశయం ఉంది. బాలోద్ దగ్గరి తాండుల ఆనకట్ట నుంచి కాలువ వెంట వచ్చే నీటిని ఇక్కడ నిలవ చేసి కర్మాగారానికి వాడుకుంటూ వచ్చారు. కొలిమికి నీళ్లు కావలసినప్పుడల్లా అంత దూరం కబురు పంపితే ఉక్కు తయారవుతుందా? తరచుగా అవసరపడేదాన్ని కొంత దగ్గర ఉంచుకోవాలి. కంప్యూటర్లలో ఈ ఏర్పాటునే క్యాష్ అంటారు. అయితే ఒక తేడా ఉంది. చెరువులో నిలవ ఉన్నా నీరు నీరే. సమాచారానికి నకలు తీసిన మరుక్షణమే అసలు మారిపోవచ్చు.

ఈ చిక్కు మన రైల్వేలకు కంప్యూటర్ల కంటే ముందే ఎదురైంది. ఆ రోజుల్లో రిజర్వేషన్లన్నీ లావుపాటి రిజిస్టర్లలో రాసేవారు. ఏ రైలు రిజిస్టరు ఏ కిటికీలో ఉంటే అక్కడే వరుసలో నిలబడాలి. మధ్య స్టేషన్లో ఎక్కేవారి కోసం ప్రతిసారీ రైలు బయలుదేరే స్టేషన్‌ను అడగడం కుదరదు కనుక, ఆ స్టేషన్‌కు కొన్ని బెర్తులు ముందే కోటాగా ఇచ్చేవారు. కోటా అయిపోతే తంతి పంపి జవాబు కోసం కాచుకోవలసిందే. ఒక చోట బెర్తులు మిగిలిపోతుంటే మరొక చోట జనం వెయిటింగ్ లిస్టులో ఉండేవారు. నా దృష్టిలో ఈ కోటా కూడా ఒక రకం క్యాషే. పని తొందరగా అయ్యేది గాని, అసలు లెక్క ఎవరికీ తెలిసేది కాదు.

కంప్యూటర్‌లో ఈ ఆలోచనను 1965లో ఒక చిన్న వ్యాసంగా రాసినవాడు కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞుడు మారిస్ విల్క్స్. పెద్దదీ నిదానమైనదీ అయిన మెమొరీకి తోడుగా చిన్నదీ చురుకైనదీ అయిన మరొక మెమొరీ ఉండాలన్నాడు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85లో ఇది అమలైంది. అందులోని క్యాష్ 16 కిలోబైట్లతో మొదలు! అంత చిన్నది ఎలా సరిపోయింది? వంటింట్లో పోపులపెట్టె సరిపోయినట్లే. ఇప్పుడు వాడినదాన్నే కాసేపట్లో మళ్లీ వాడతాం. మరి పెట్టె నిండితే దేన్ని తీసేయాలి? అందరికంటే ఆలస్యంగా అవసరమయ్యేదాన్ని తీసేస్తే మేలని 1966లో లాస్లో బెలాడి చూపించాడు. భవిష్యత్తు ఎవరికి తెలుసు? అందుకే చాలా కాలంగా ఎవరూ ముట్టనిదాన్ని తీసేయడం వాడుకలోకి వచ్చింది.

మన దేశంలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985 నవంబరులో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 'క్రిస్' సంస్థ రూపొందించిన కొత్త వ్యవస్థ 'కాన్సర్ట్'ను 1994లో మొట్టమొదట పెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ ఒకే అల్లికలోకి వచ్చాయి. దీంతో ఎక్కడి కిటికీ నుంచైనా ఎక్కడి రైలుకైనా టికెట్టు కొనడం సాధ్యమైంది.

2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్లు వచ్చాక కొత్త ఒత్తిడి మొదలైంది. తత్కాల్ తెరుచుకునే నిమిషంలో లక్షల మంది ఒకేసారి తలుపు తడతారు. వారిలో చాలామంది ముందు అడిగేది "ఖాళీ ఉందా?" అనే. ప్రతి ప్రశ్నా అసలు కేంద్రం దాకా పోతే, డబ్బు కట్టేవారి పని నిలిచిపోతుంది. 2014 ఆగస్టులో వచ్చిన కొత్త ఈ-టికెటింగ్ వ్యవస్థలో స్టేషన్లు, రైళ్ల వేళలు, చార్జీల వంటివాటిని వేగమైన మెమొరీలో పెట్టి ఈ భారం తగ్గించారు. నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యం 7,200కు పెరిగింది. కొత్త యంత్రాల పాత్రా ఉంది గాని, ఏది దగ్గర ఉంచాలో ఎంచుకోవడమే ఇందులో తెలివైన పని.

ఎందుకంటే అన్నిటికీ నకలు పనికిరాదు. స్టేషన్ పేరు నెలల తరబడి మారదు. చార్జీ మారినప్పుడు పాత నకలు చెరిపేస్తే చాలు. ఖాళీల లెక్కకు నకలు కొద్దిసేపే చెల్లుతుంది. బెర్తు అమ్మకానికి మాత్రం నకలు అసలే కూడదు.

దుర్గ్ నుంచి రాయగడ మీదుగా విశాఖపట్నం వెళ్లే రైలులో ఒక్క బెర్తు మిగిలిందనుకోండి. పండక్కి ఊరు వెళ్లాలని రిసాలిలో ఒకరు, వారిని చూసి తిరిగి వస్తున్న దుర్గ్ బంధువు ఒకరు ఒకేసారి చూస్తారు. ఇద్దరి తెర మీదా ఖాళీ 1 అనే కనిపిస్తుంది. నకలును నమ్మి ఇద్దరికీ అమ్మితే, రాత్రి పెట్టెలో ఒకే బెర్తు ముందు ఇద్దరూ టికెట్లు పట్టుకుని నిలబడతారు. అందుకే అమ్మే క్షణంలో యంత్రం నకలును పక్కకు పెట్టి కేంద్రంలోని అసలు లెక్కను అడుగుతుంది. ఎవరి పేరు అక్కడ ముందు నమోదైతే బెర్తు వారిది. రెండో వారికి, క్షణం క్రితం ఖాళీ చూపిన తెర మీదే, వెయిటింగ్ లిస్టు 1 అని వస్తుంది.