అడుగుల లెక్కయు, జనుల జ్ఞప్తియు

పోటీ యేదైనను ముగిసిన పిదప రెండింటిని మిగిల్చిపోవును. ఒకటి లెక్క, రెండవది జ్ఞప్తి. లెక్క కాగితముపై నిలుచును. జ్ఞప్తి జనుల నోట నిలుచును. మానవుడు ఈ రెంటిలో దేనివలన క్రీడాభిమాని యగుచున్నాడని విచారించినచో, లోకానుభవము రెండవదానినే చూపుచున్నది. ఈ సంగతిని గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి మైదానములలో జరుగు బండలాగుడు పందెములను నిదర్శనముగా గైకొని యిచట విచారింపబూనితిమి. ఇవి పామరుల వినోదములని తలచి మన విద్యావంతులు చరిత్రలో వానికి చోటియ్యకుండుట పరిపాటి. కాని యొక ప్రాంతపు వ్యవసాయము, మతాచారము, గృహజీవనము, కూలివాని కష్టము ఒక యెడ్లజత చుట్టును అల్లుకొనియున్నప్పుడు, ఆ జతను విడిచి వ్రాసిన చరిత్ర సమగ్రము కానేరదు.

సంక్రాంతికిని, మహాశివరాత్రికిని, శ్రీరామనవమికిని, గ్రామముల తిరునాళ్ళకును ఈ పందెములు జరుగుచుండును. పొడవైన బరిలో పెద్ద రాతిబండను కాడికి కట్టి, ఎడ్లజతచే నిర్ణీతకాలములో అటునుండి యిటు, ఇటునుండి యటు లాగింతురు. పశువు వయస్సును పండ్లనుబట్టి తెలిసికొనుట రైతులకు తరతరములుగా వచ్చిన విద్య. అందుచేత పాలపండ్ల జతలు, రెండుపండ్లవి, నాలుగుపండ్లవి, ఆరుపండ్లవి, పిమ్మట పెద్దయెడ్లు అని తరగతులు ఏర్పరతురు. కాలము ముగియగనే అడుగులు, అంగుళములు కొలిచి, యజమాని పేరును, గ్రామమును, దూరమును చదువుదురు. మరునాటి పత్రికలో ఆ మూడు సంగతులే అచ్చుపడును.

అయితే పందెము చూచివచ్చిన వృద్ధుడు అరుగుమీద కూర్చుండి చెప్పునది వేరు. ఏ జత యెన్ని యడుగులు లాగెనో అతడు మరచియుండవచ్చును. వలపటి గిత్త మోకాళ్ళమీదికి వంగి మరల లేచిన తీరును మాత్రము మరువడు. దాపటిది అలసినప్పుడు తోడుది కాడిని తనవైపు లాగుకొన్న విధమును మరువడు. ఆ గిత్త యే యింట బుట్టెనో, దాని తల్లి యెంత సాధువో, ఏ కరవునాడు దానిని సంతకు దోలక నిలుపుకొనిరో, ఇవియన్నియు వరుసగా చెప్పుకొనిపోవును. వినుచున్న మనుమనికి పందెము ఫలమొక్కటే గాక తన గ్రామచరిత్రమంతయు తెలియుచుండును.

ఈ భేదము మన రైతులకే పరిమితమైనది కాదు. అమెరికావారు బేస్‌బాల్ అను బంతియాటలో ప్రతి దెబ్బను అంకెగా వ్రాయుటకు 19వ శతాబ్దములోనే అలవాటుపడిరి. అట్టిచోటను తండ్రి చేయిపట్టుకొని మైదానమునకు పోయిన సాయంకాలమును తలచుకొని అభిమానులైనవారే పెక్కండ్రు. మనకు సన్నిహితమైన యుదాహరణము సి.కె. నాయుడుగారిది. 1895లో నాగపురమున జన్మించిన ఈ తెలుగువాడు 1932లో భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకుడు. ఆయన ఆడిన టెస్టులు 7, పరుగులు 350, సగటు 25. ఇంతమాత్రమే చదివిన నేటి బాలుడు ఆయనను సామాన్యుడని తలచినచో వానిదోషము కాదు. కాని 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లాండునుండి వచ్చిన జట్టుపై 11 సిక్సరులతో ఆయన కొట్టిన 153 పరుగులను తరతరములవారు చెప్పుకొనుటకు ఆ సంఖ్య కారణము కాదు. పాలించువారియెదుట పాలితుడు జంకులేక నిలువగలడని ఆ దినమున చూచినవారికి తోచెను. ఆ భావమును కొలుచు పట్టిక యేదియు లేదు.

ఇక మన యెడ్లకు వత్తము. కృష్ణకును, పెన్నకును నడుమనున్న ఈ నేల వాన పడినప్పుడు బంకవలె అంటుకొనును; ఎండినప్పుడు బీటలు వారి రాయివలె బిగియును. దీనిని దున్నుటకు బలమును, ఓర్పును గల పశువు కావలెను. ఆ యవసరమే ఒంగోలు జాతిని పెంచెను. ప్రత్తి పండినచోట ప్రత్తిగింజలును, జొన్న పండినచోట చొప్పయు దానికి మేతయయ్యెను. పొలము దున్నినది, మిరపబస్తాలను గుంటూరునకు చేర్చినది, పెండ్లివారిని మోసినది ఆ జతయే.

ఈ జాతి శ్రేష్ఠత నిలుచుటకు నేలయొకటే కారణము కాదు. మన పూర్వులలో వృషోత్సర్గమను ఆచారము కలదు. ఇంటిలో పెద్దవారు గతించినప్పుడు వారి పేర ఒక కోడెకు శూలచక్రముల అచ్చువేసి దేవునికి విడిచిపెట్టుదురు. అది ఊరివారి సొత్తగును. ఏ చేనిలో మేసినను కొట్టరాదు. ఈ ప్రాంతపు సంపన్నగృహస్థులు తమవారి పేరు నిలువవలెనను కోరికచే మేలైన కోడెనే యెంచి విడిచెడివారు. ఆ ఆంబోతువలన ఊరి ఆవులకు మంచి దూడలు కలిగెను. ఈ కర్మవలన గతించినవారికి పుణ్యలోకము కలిగెనో లేదో మేము చెప్పజాలము. బ్రదికియున్నవారికి మేలు కలిగెననుట మాత్రము నిశ్చయము. అనగా మనుష్యుని జ్ఞాపకార్థము విడిచిన పశువే జాతిని నిలిపెను. నేడు "అచ్చుపోసిన ఆంబోతు" అను మాటను మనము తిట్టుగా వాడుచున్నాము. ఆచారముయొక్క ప్రయోజనము మరుగుపడినప్పుడు మాటకు ఎట్టి గతి పట్టునో దీనివలన గ్రహింపవచ్చును.

ఇదే జాతి సముద్రము దాటి లెక్కలలోనికి ఎక్కిన చరిత్రము మరియొకటి కలదు. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ యేట ఏర్పడిన గుంటూరు జిల్లాలో చేరెను; 1970లో ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను; 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 19వ శతాబ్దములోనే ఈ పశువులు బ్రెజిలు దేశమునకు పోయెను గనుక అచ్చటివారు వానిని నెల్లూరు పేర "నెలోర్" అని పిలిచిరి. 1960 తరువాత కొలది యేండ్లలో ఒంగోలు చెంతనున్న కరవది గ్రామపు ఆంబోతును కొనిపోయి, దానిని ఆ యూరిపేరనే ప్రసిద్ధము గావించిరి. వారు 1938 నుండియు వంశావళులను నమోదుచేయుచు, తూకమును, సంతతిని గుణించి జాతిని వృద్ధిచేసిరి. 2023లో అచ్చటి యొక ఆవులో మూడవవంతు స్వామ్యము వేలమున సుమారు 70 లక్షల రియాలులకు అమ్ముడుపోయెను. ఆ లెక్కన ఆవు మొత్తపు విలువ దాదాపు 2 కోట్ల 10 లక్షల రియాలులు. దాని పేరు వియాటినా-19. పేరులోనే అంకె కలదు!

దీనినిబట్టి లెక్క నింద్యమని చెప్పుట మా యుద్దేశము కాదు. బ్రెజిలువారి శ్రద్ధ మనకు లేకపోవుటచేతనే మన యింటిపశువు మనకంటె వారికి ఎక్కువ లాభము నిచ్చెను. బరిలోనైనను కొలత లేనిచో బలవంతునిదే న్యాయమగును. పేదరైతు జతకు రావలసిన బహుమానము దొరగారి జతకు పోవును. లెక్క న్యాయమును కాపాడును. కాని లెక్క ప్రేమను పుట్టింపజాలదు. ప్రేమలేనిచోట ఆ లెక్కను చదువువాడే యుండడు.

జ్ఞప్తికిని దోషములు కలవు. అది తనకు ప్రియమైనదానిని పెంచి, అప్రియమైనదానిని దాచును. "మా తాతగారి యెడ్లు" అని గర్వముతో చెప్పుకొను గృహస్థులు ఆ యెడ్లకు తెల్లవారకముందే చొప్ప కోసివేసిన పాలేరు పేరు చెప్పగలరా? బడికి పోవలసిన వయస్సున వానిని మేపిన కుఱ్ఱవాడు ఎవ్వడు? కుడితి కలిపి, ఉలవలు ఉడికించి పెట్టిన ఇల్లాలి శ్రమను ఏ బరిలో చదివిరి? కాడి క్రింద పశువు పడిన బాధ యేమి? చెర్నాకోలయు, ముల్లుకఱ్ఱయు మన జ్ఞాపకములలో ఎందుకు కానరావు? 1960లో పార్లమెంటు జంతుహింసా నివారణ చట్టమును చేసెను. 2014 మే 7న సుప్రీముకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించుచు, బాధనుండియు భయమునుండియు విముక్తి పశువునకును కలదని తీర్పుచెప్పెను. 2023 మే 18న ఆ న్యాయస్థానమే తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న సవరణలను అంగీకరించెను. చట్టము మారవచ్చును; మన మనస్సాక్షి యడుగు ప్రశ్న మాత్రము మారదు. కొట్టి లాగించిన అడుగులు గెలుపుకు లెక్కవచ్చునేమో కాని గౌరవమునకు లెక్కరావు.

ఇప్పుడు ఈ విచారణ యేల యందురా? పొలములలోనికి ట్రాక్టరు వచ్చెను. జొన్నచేలు తగ్గి, పొగాకు, ప్రత్తి, మిరప హెచ్చుటచే చొప్పయు తగ్గెను. పూర్వము దున్నిన జతయే పందెమునకు వచ్చెడిది; నేడు పందెపుజతలు పెక్కు పందెమునకే పెరుగుచున్నవి. కాడి నెత్తిన యనుభవముగల వృద్ధులు ఒక్కొక్కరుగా కనుమరుగగుచున్నారు. వారితో జ్ఞప్తియు పోయినచో, బరిచుట్టును చేరు యువకులకు మిగులునది అడుగులు, అంగుళములు, బహుమానపు సొమ్ము మాత్రమే. అప్పుడు గెలుపే పరమార్థమగును, పశువు యంత్రమగును, యంత్రమును కొట్టుటకు చేయి జంకదు. జ్ఞప్తిని కాపాడుట దయను కాపాడుటకూడ నగుచున్నది.

కావున చదువుకొన్న ఇండ్లవారు చేయదగిన పని యొకటి కలదు. తమ గ్రామములోని వృద్ధరైతులను, ముఖ్యముగా ఆ యెడ్లను మేపి కడిగిన పాలేర్లను, కుడితి పెట్టిన ముసలమ్మలను అడిగి, ఏ జత యే పొలము దున్నెనో, ఎవరు సాకిరో, ఏ రోగమున పోయెనో వ్రాసియుంచవలెను. దూరములతోపాటు తోలినవాని పేరును, సాకినవాని పేరును బరిలో చదివింపుమని పందెపు పెద్దలను కోరవలెను. ముల్లుకఱ్ఱ బరిలోనికి రాకుండ కట్టడి చేయవలెను. ఈ పనులకు గొప్ప ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకమును, కొంత యోపికయు చాలును. ఇంకను చెప్పగలవారు సజీవులై యున్నారు గనుక ఈ సంక్రాంతికే ప్రారంభించుట మంచిది.