మనింట పోతే పక్కింట

బెంగళూరులో ఉంటున్న మా అమ్మాయి ఇంట్లోనే సోర్‌డో రొట్టె చేస్తుంది. ఈస్టు కొనదు. గోధుమపిండీ నీళ్ళూ కలిపి రోజుల తరబడి పులియబెట్టిన పిండే దానికి తోడు. మొన్న పలాస వస్తూ ఆ పిండిని కాగితం మీద పల్చగా రాసి, నీడన పెళపెళలాడేలా ఆరబెట్టి, సీసాలో వేసి తెచ్చుకుంది. "తడి లేకపోతే నిద్రపోతుందమ్మా, నెలలు గడిచినా చావదు. నీళ్ళూ పిండీ పెడితే కొద్దిరోజుల్లో మళ్ళీ పొంగుతుంది" అంది.

ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మనవాళ్ళు తోడుని దాచలేదు, నడిపించారు. తరవాణి కుండలో పాత పులుపు కాస్త ఉంచి, దాని మీదే కొత్త గంజి పోసేవారు. పెరుగూ అంతే. పాలు పులవడం కంటికి కనపడని జీవుల పని అని లూయీ పాశ్చర్ 1857లో చెప్పాడు. వాటికి రోజూ తిండి పెట్టడం మాత్రం ఆడవాళ్ళకి అంతకుముందే అలవాటు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో బూడిన్ బేకరీ 1849 నాటిది. 1906 భూకంపంలో ఆ ఇంటి ఇల్లాలు లూయీస్ పులిసిన పిండిని బకెట్లో వేసుకుని బయటపడిందని చెప్పుకుంటారు. అమ్మాయి ఈ కథ చెప్తుంటే నాకు మా తుపాను గుర్తొచ్చింది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మాకు కరెంటు లేదు, పాలూ లేవు. గిన్నెలో పెరుగు బూజు పట్టింది. పాలు దొరికేసరికి మా వీధిలో ఎవరింటా తోడు లేదు. మా అత్తగారు గోరువెచ్చటి పాలలో ఎండుమిరపకాయల తొడిమలు వేశారు. మొదటిసారి నీళ్ళనీళ్ళగా, అదోరకం వాసనతో తోడుకుంది. దాన్నే మళ్ళీ తోడు వేస్తే కాస్త గట్టిపడింది. మూడోసారికి పెరుగయింది.

దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదనే మనిషి, ఆ సాయంత్రం గ్లాసులు పట్టుకొచ్చిన వాళ్ళందరికీ వేశారు. "మనింట పోతే పక్కింట ఉంటాదమ్మా" అన్నారు.

ఇప్పుడు నేనూ పెరుగుని పళ్ళెంలో పల్చగా రాసి ఆరబెడుతున్నాను. ఎండలో కాదు, ఫ్యాను కింద. వేడెక్కితే తోడు చస్తుంది, తడి మిగిలితే బూజు పడుతుంది. అమ్మాయికి మాత్రం ఒక్క మాట చెప్పాను: సీసాలు రెండు చెయ్యి, ఒకటి స్నేహితురాలింట్లో పెట్టు.