కదలికను విడిచి కాలు దక్కించుకొనుట

గుండుదెబ్బచే గాని, యంత్రములలో చిక్కుకొని గాని మోకీలు నుగ్గయినపుడు పూర్వము వైద్యులు సాధారణముగా తొడకడ కాలు కోసివేసెడివారు. కాలు నుంచినచో కీలు చీము పట్టి ప్రాణమునకే ముప్పు వచ్చెడిది. ఈ రెంటికిని నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. చెడిన కీలును తొలగించి, తొడయెముకను ముంగాలి యెముకతో నతికించి ఒక్కటిగా చేయుటయే అది. అట్టి కాలు వంగదు. కాని నిలుచును, బరువు మోయును.

1781లో ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున హెన్రీ పార్క్ అను శస్త్రవైద్యుడు ఒక నావికుని రోగగ్రస్తమైన మోకీలును కోసి తీసివేసెను. నాడు మత్తుమందు లేదు. అయినను ఆ నావికుడు బ్రతికి, ఆ కాలితోనే మరల ఓడ యెక్కెను. 1846లో ఈథరు మత్తు, 1867లో లిస్టరు ప్రకటించిన క్రిమినాశక విధానము వచ్చిన పిమ్మట గాని కీలును తెరచుటకు వైద్యులకు ధైర్యము చాలలేదు. 1878లో ఎడ్వర్డ్ ఆల్బర్ట్ పోలియోచే చచ్చుబడిన కాళ్లకు ఈ చికిత్స చేసెను. ఆయన దీనికి పెట్టిన ‘ఆర్త్రోడెసిస్’ అను గ్రీకు పేరునకు కీలును బంధించుట యని యర్థము.

అతుకు పట్టుట తరువాతి చిక్కు. నెలల తరబడి సున్నపుకట్టులో నుంచినను ఎముకలు ఒక్కొక్కప్పుడు కలిసెడివి కావు. 1932లో అమెరికాలో ఆల్బర్ట్ కీ, 1948లో మాంచెస్టరులో జాన్ చార్న్‌లీ ఎముకలను అదిమి పట్టు ఉపాయమును వివరించిరి. కీలునకు పైన ఒకటి, క్రింద ఒకటి ఉక్కుచువ్వలను ఎముకలలో అడ్డముగా దూర్చి, వాని కొనలను ఇరుప్రక్కల మరలతో బిగించుట చార్న్‌లీ పద్ధతి. కదలక, ఒత్తిడిలో నుండుటచే అతుకు త్వరగా కుదిరెను.

దీని మూల్యము చిన్నది కాదు. బాసిపట్టు వేసికొని విస్తరి ముందు కూర్చుండుటకు వీలుండదు. బస్సులో చాచిన కాలు పరులకు అడ్డము. నడకలో పాదము నేలకు రాయకుండుటకై కాలిని కొద్దిగా వంచి అతికింతురు.

కీళ్లను బిగించుటలో పేరొందిన చార్న్‌లీయే 1962లో తుంటికి కదలెడు కృత్రిమ కీలును సాధించెను. పిదప మోకాటికిని అట్టి కీళ్లు వచ్చుటచే అతుకు చికిత్స నేడు అరుదైనది. అయినను కృత్రిమ కీలు చీము పట్టి విఫలమైనపుడు, గాయమున కండరములు నశించినపుడు, కాలు తీసివేయుటకు ముందు వైద్యుడు నేటికిని ఈ పాత త్రోవను రోగి యెదుట నుంచును.